మూడో ఫ్యాక్టరీ కూత

మతోసినోష్ రేవులో పడవలు ఒడ్డు తాకగానే
చేపల డబ్బాల ఫ్యాక్టరీలు
ఒక్కొక్కటీ ఒక్కో గొంతుతో కూసేవట.
అర్ధరాత్రయినా సరే,
తమ కూత ఏదో చెవి పోల్చుకున్నాకే
ఆడవాళ్లు దుప్పటి తన్ని లేచేవాళ్లు.
దియోలిందా తల్లి కడుపులోనే వినుంటుంది ఆ కూత.
ఇది ఆమె చెప్పింది కాదు, నేను అనుకునేది.

నేను ఆమె వైర్లు మోసినవాణ్ణి.
పందొమ్మిదేళ్లు మోశాను.
అన్సెల్మో అనే నా పేరు కరపత్రాల్లో ఉండదు.
ఒక్కచోట ఉంది, తప్పుగా.

పగలు ఆమె చెవి మిషన్లు బాగుచేసేది.
చెమటకు తుప్పెక్కిన చింతగింజంత యంత్రాల్ని
ముసలి జాలర్లు రుమాల్లో మూటగట్టి తెచ్చేవాళ్లు.
రాత్రి వంటగది బల్లమీద
పాత రేడియోల పేగులూ,
ఆసుపత్రి పారేసిన గుండె మిషనూ కలిపి అతికి
ఒక ధ్వనిని కాచేది,
పొయ్యి మీది పాలను కాచినట్టు.
సీసం పొగ కూరలోకి దిగేది.
అదే తినేవాళ్లం.

మొదటి కచేరీ ఫైర్ స్టేషన్ హాల్లో.
పదకొండు మంది వచ్చారు,
అందులో నలుగురు వాన తగ్గేదాకా.
నలభై నిమిషాలు ఒకటే స్వరం
వెంట్రుకవాసి చొప్పున కిందికి జారుతూ.
అయిపోయాక ఒకాయన లేచి మర్యాదగా అడిగాడు:
"ఎప్పుడు మొదలుపెడతారమ్మా?"
చెవిటివాడి ముందు శంఖం అన్నాను నేను.
"చెవిటివాళ్లే నాకు కూడు పెడుతున్నారు, నోర్ముయ్" అంది.
ఫ్రిజ్ చెడిపోయిందేమో అనుకున్నామని పేపర్లో రాశారు.
ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ కే అంటించింది.

తర్వాత రోటర్‌డామ్, లింట్స్, ఒకసారి మాంట్రియల్.
అక్కడ విమానాశ్రయంలో పెట్టె విప్పించారు.
బాంబు కాదని రుజువు చేయడానికి
అక్కడికక్కడే మోగించింది.
ఊపిరి బిగబట్టి విన్నారు ఆరుగురు పోలీసులు.
అంత శ్రద్ధగల శ్రోతలు మళ్లీ దొరకలేదు.

నడుమ ఏడేళ్లు ఎవరూ పిలవలేదు.
స్పీకర్లు తాకట్టులో ఉన్నాయి.
ఆ ఏళ్ల గురించి ఆమె మాట్లాడేది కాదు,
నేనూ మాట్లాడను.

మూతబడ్డ మూడో ఫ్యాక్టరీలోనే ఒక రాత్రి వాయించింది.
గోడలకింకా కవళ్ల నూనె వాసన.
ముందు వరసలో పియెదాదె అనే ముసలామె,
డబ్బాల మిషన్లు రెండు చెవులూ తినేసిన మనిషి,
లేచి వచ్చి స్పీకరు గుడ్డమీద
రెండు అరచేతులూ ఆనించింది.
కాసేపాగి తల అడ్డంగా ఊపింది.
"మాదే. కానీ ఇంకాస్త కింద.
చలిలో గొంతు పట్టేసేది దానికి."
దియోలిందా నాబ్ తిప్పింది.
ఇంకాస్త, అన్నట్టు వేలు ఆడించింది ముసలామె.
ఇంకాస్త.
అప్పుడు వెనక వరసల్లో
ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు లేచి నిలబడ్డారు,
ఎందుకు లేచారో తెలియనట్టు
చేతిసంచులు పట్టుకుని.

చివర్లో ఆమె చెవీ మొండికేసింది.
మిషన్ పెట్టుకుంది.
గాలి హోరును, కరెంటు రొదను
అది వడగట్టేస్తోందని
మర్నాడే విప్పి, వడపోత పీకేసింది.

ఇప్పుడు ఆ పెట్టె నా ఇంట్లో ఉంది.
మీట నొక్కాక వేడెక్కడానికి పది నిమిషాలు.
ఈలోపు గిన్నెలు కడుగుతాను.
జనవరిలో స్వరం కాస్త కిందికి దిగుతుంది.
బాగుచేయించమంటాడు మా అల్లుడు.