విప్పని తీగ

పదకొండో ఏటి నుంచి ట్విలింగేట్ రేవులో
నాన్న దించిన కాడ్ చేపలు కోసిన చేయి అది.
కాలేయం నూనె పీపాలోకి,
చేదుకట్టు చిట్లకుండా సముద్రంలోకి.
"ఒక్క చుక్క జారిందా, చేపంతా పాడే"
అంది బ్లాంచ్ పార్డీ,
ఆ చేతికే నేను సెలైన్ సూది గుచ్చుతుంటే.

ఆమె చేదుకట్టు తీసేసి మూడేళ్ళు.
నొప్పి మాత్రం ఇల్లు ఖాళీ చేయలేదు.
తిన్న అరగంటకి కుడి డొక్కలో
ఎవరో తడిగుడ్డ పిండినట్టు.
రక్తం బాగుంది, స్కాను బాగుంది.
బాగుందని విన్నప్పుడల్లా
ఆమె ముఖం ఇంకాస్త చిన్నబోయేది.

పైత్యనాళం పేగులో కలిసేచోట
చొక్కా గుండీ అంత కూడా లేని కండర వలయం,
అదే బిగుసుకుంటోందేమో
అన్నాడు డాక్టర్ నోస్‌వర్దీ.
ఏమో.
ఆ ఏడాదంతా మేం పనిచేసింది ఆ 'ఏమో' మీదే.

కోయొచ్చు, కోయకపోవచ్చు, ఏడాదిదాకా చెప్పం
అన్న కాగితం మీద సంతకం ఆమెదే.
మత్తిచ్చాం. గొట్టం దిగింది.
తెరమీద ఎర్రటి చిన్న మొటిమ,
దాని పెదవిమీద పసుప్పచ్చని తడి.
అప్పుడు కవరు చించాను.
కోత తీగ ప్యాకెట్
విప్పకుండానే పక్కన పెట్టాను.
అయినా గడియారం చూస్తూ
కోసినంతసేపూ నిలబడ్డాం.
అబద్ధానికీ నిజమంత సమయం పట్టాలి కదా.

మార్చిలో, వాటర్ వీధి మంచులో,
అటువైపు నుంచే కేకేసింది:
"పంది కొవ్వులో వేయించిన కాడ్ తిన్నానమ్మాయ్!
రెండు ముక్కలు! రాత్రంతా నిద్రపోయా!"
మఫ్లర్ ముక్కుదాకా లాక్కున్నాను.
నా ముఖానికి అబద్ధం రాదు.

ఏడాది తిరిగాక ఉత్తరం వెళ్ళింది.
ఐదు గంటలు బస్సులో వచ్చింది ఆమె.
"అయితే నాది నొప్పే కాదంటారా?"
కాదన్లేదమ్మా, అన్నాను.
కోయించుకున్నవాళ్ళలోనూ
కొందరికి తగ్గింది, కొందరికి లేదు,
ఒకాయనకు క్లోమం వాచి పది రోజులు మంచమే.
"మరి నాదెక్కడికి పోయింది?"
డాక్టర్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
తుడిచినవే మళ్ళీ తుడిచాడు.

ఆ తీగ చూపించమంది.
సొరుగులోంచి ఒకటి తీసిచ్చాను.
వెలుతురుకి పట్టింది, బొటనవేలితో మీటింది.
"దీంతో పిత్తపరిగ కూడా తెగదు" అని నవ్వింది.
ఆ నవ్వులో సగం కోపమే.

వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి
కుడి డొక్క ఒకసారి తడుముకుంది,
కోటు జేబులో తాళంచెవి
ఉందో లేదో చూసుకున్నట్టు.