బండకూ బండకూ నడుమ

ఎక్స్‌రే రేకును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి
కర్నూలు పెద్దాసుపత్రి డాక్టరు
"ఈడ సందు ఉండాల, లేదు చూడమ్మా" అన్నాడు.
ఎముకకూ ఎముకకూ నడుమ నాకేమీ కనపళ్ళేదు.
కనపడకపోవడమే రోగమంట.

"గుజ్జు అరిగిపోయింది" అని ఇంగోసారి చెప్పబోయినాడు.
చెప్పొద్దులే సారూ, తెలిసిపాయ.
బేతంచెర్లలో ముప్పై ఏండ్లు బండలు తోమినదాన్ని.
లారీలో బండలు నిలబెట్టేటప్పుడు
బండకూ బండకూ నడుమ వరిగడ్డి దూరుస్తారు.
గడ్డి తక్కువైతే
డోన్ దాటకముందే అంచులు పెళుక్కుమంటాయి.
నా మోకాళ్ళలో గడ్డి అయిపోయింది,
అంతే కదా?

ఆయన రాసేది ఆపి "అంతే" అన్నాడు.
కొత్త గడ్డి పెట్టే మందు ఉందా అని అడిగితి.
"లేదమ్మా.
లారీని నిదానంగా తోలడం నేర్పిస్తాం."

ముప్పై ఏండ్లు
పాలిష్ మిషను పక్కన, మడమలు తడిసే నీళ్ళలో
గొంతుకూచున్నా.
నేను తోమిన బండల మీద
ఎవురెవురి ఇండ్లలోనో పిల్లోల్లు జారుడాట ఆడుతాంటారు.
ఆ నునుపు యాడినుంచి తీసినారో
ఇప్పుడు రేకులో తెలుస్తాంది.

అంతకుముందు చేయనిది లేదు.
ఆముదం రాసి, జిల్లేడాకు వెచ్చజేసి కట్టినా.
ఉప్పుమూటతో కాపడం పెట్టినా.
మందుల షాపులో పేరు చెప్పకుండా ఇచ్చిన తెల్లబిళ్ళ
మొదట నొప్పిని మింగింది,
తర్వాత నా కడుపును మింగబోయింది.
దొడ్డికి నల్లగా పోతే గానీ
దాన్ని మానలేదు నేను.

నాగవేణి అని, కసరత్తు గది పిల్ల.
నా చిన్న కోడలి వయసు.
తువ్వాలు చుట్ట చుట్టి మోకాలి కింద పెట్టి
"నొక్కమ్మా, పది లెక్కబెట్టు" అంటాది.
ఇంతేనా అనుకుంటి.
ఏడు కాడ తొడ వణికింది
మోటరు నిలిచిపోయే ముందు బెల్టు వణికినట్టు.
"తొడ గట్టిపడితే మోకాలి బరువు అది మోస్తాదమ్మా."
ఇంట్లో చీలమండకు ఇసుక సంచి కట్టుకోమనింది.
మాకు ఇసుక యాడిది?
ఫ్యాక్టరీ ఎనక కుప్పలు పోసిన బండపొడే
అరకిలో నింపుకుంటి.
నన్ను తిన్నది ఇప్పుడు నా కాలికి వేలాడి
నాకు పని చేసిపెడతాంది.

నొచ్చేది కుడికాలు, కర్ర ఎడంచేతికి.
అట్లనే పట్టాలంట.
తప్పు పట్టుకున్నావని ఊరంతా నన్ను దిద్దుతాంది.

గొంతుకూచోవద్దన్నారు.
మరి దొడ్డికి?
దస్తగిరి రెండు దినాలు ఏం మాట్లాడలేదు.
మూడోనాడు కొత్త ప్లాస్టిక్ కుర్చీ భుజానేసుకోని పోయి
చేతి మిషనుతో
నట్టనడుమ గుండ్రంగా కోసుకొచ్చినాడు.
కుచ్చుకోకుండా అంచులు ఉప్పు కాగితంతో తోమినాడు గూడా.
వీధంతా నవ్వింది, నేనూ నవ్వినా.
పెండ్లయి నలభై ఏండ్లలో
ఆయన నాకు చేసిపెట్టిన నగ అదొక్కటే.

నమాజుకు గూడా ఇంగ కుర్చీనే.
(అది వేరే కుర్చీలేమ్మా.)
నొసలు నేలకు తగలక నాలుగు నెలలాయ.
నేను తోమి, నేను మోసి, నా గదిలో పరిపించుకున్న బండ,
పొద్దున్నే చల్లగా తగులుతాండె.
కుర్చీలో చేసినా అందుతాదిలే అంటాది మౌలాబీ.
అందుతాదని నాకు తెలుసు.
నొసటికే తెలీదు.

నొప్పి పోయిందా అని అడుగుతారు.
పోలేదు.
మంచం దిగినాక మొదటి నాలుగడుగులు దానివే.
ఐదోది నాది.
వాన ముసురుకుంటే ఆరూ ఏడూ గూడా అదే లాక్కుంటాది.
బిళ్ళ వేసుకుంటా, తిన్నాకే, రాసిచ్చినన్ని దినాలే.
తూకంలో నాలుగు కిలోలు తగ్గితి.

నిన్న రైల్వే గేటు దాకా
యాడా నిలవకుండా పోతి.
గేటు కాడ బండల లారీ ఆగుండె.
బండల సందుల్లో చూస్తి, గడ్డి పల్చగా కనపడె.
"నిదానంగా తోలు నాయనా" అంటి.
వాడు హారన్ కొట్టి పాయ.
నేను కాసేపు పట్టాలు చూస్తా నిలబడి
కర్ర ఎడంచేత సరిగ్గా పట్టుకోని
ఇంటి దారి పడితి.