నూట తొంభై అయిదు, ఎనభై

సోహార్ రేవులో ఎండకి పని ఆపే వేళ.
ఇరవై ఒకటో పోర్టు బాగానే పలుకుతోంది.
పేరడిగింది, పాస్‌వర్డ్ అడిగింది, రమ్మంది.
ఫైలు మాత్రం కదలదు.

నేను రాసిన సర్వరే.
జవాబులో ఆరు అంకెలు చెబుతుంది,
నాలుగు ఇంటికి, రెండు తలుపుకి.
నూట తొంభై అయిదుని రెండువందల యాభై ఆరుతో హెచ్చవేసి
ఎనభై కలిపితే యాభైవేలు.
డెలివరీ చీటీ వెనక మళ్ళీ వేశాను.
లెక్క తప్పలేదు. తలుపు తీసే ఉంది.

కంటైనర్లకు రాడ్లు బిగించే పోశెట్టి
ఏసీ కోసం నా గదిలో చేరి
కొరియర్ వాడితో ఫోన్లో అరుస్తున్నాడు:
"బీ బ్లాకు, పద్నాలుగో రూము, పై మంచం!
పోశెట్టి అంటే ఎవరైనా చూపిస్తరు భాయ్!"
వాడేమో గేటు బయట ఎక్కడో
మండే బండి మీద తిరుగుతున్నాడు.

నా చెయ్యి ఆగింది.

పది, సున్నా, నాలుగు, పదిహేడు.
ఇదీ మంచం నంబరే.
సలాలా నుంచి అడిగిన మెషిను
ఆ నంబరు తన గల్లీలోనే వెతుక్కుని
ఎవరూ పలక్క, అలిసి, ఫోను పెట్టేస్తోంది.

ఒక్క వరుస మార్చాను:
బయటివాళ్ళు అడిగితే గేటు చిరునామా చెప్పు.
నాలుగువందల పన్నెండు కంటైనర్ల జాబితా
గుక్క తిప్పుకోకుండా వెళ్ళిపోయింది.

"గేటు పేరు చెప్పు పోశెట్టీ."
"మూడేండ్ల సంది బస్సుల నిద్రపోతనే లోపలికొస్తున్న సార్.
మీకెరుకేనా?"

నాకూ తెలీదు.
తలకి తువ్వాళ్ళు చుట్టుకుని
బోర్డు చదవడానికి
ఇద్దరం ఎండలోకి నడిచాం.