ఏడు ఎక్కడికి పోయింది

వల్పరైసో రేవు మీద మంచు దిగే వేళకి
మా రాత్రిబడి మొదలవుతుంది.
పగలంతా కొండ లిఫ్టు గేటు దగ్గర
చిల్లర లెక్కపెట్టిన నేను
లాగ్ ఎక్స్ ఎదుట చేతులు కట్టుకు కూర్చున్నాను.

"అవకలనం చెయ్యండి" అన్నాడు ఒలెగారియో మాస్టారు.
ఒకప్పుడు ఓడలకి దారి చూపిన మనిషి,
సుద్దముక్కని ఇప్పటికీ చుట్టలా పట్టుకుంటాడు.

పైన ఒకటి. కింద ఎక్స్.
అంతే.
సహజ సంవర్గమానం అని అంత పొడుగు పేరు పెట్టుకుని
విప్పితే ఇంతేనా!
గోనెసంచి మోసుకొచ్చి బోర్లిస్తే
ఒక్క వెల్లుల్లి రెబ్బ రాలినట్టు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.
గీత గీసి వాలు చూపించాడు.
సున్నా పక్కన నిట్టనిలువు,
ఒకటి దగ్గర ఒకటి,
పది దగ్గర పదోవంతు,
వెయ్యి దగ్గర, మా గేటు ముందు పడుకునే
ముసలి కుక్క వీపంత చదును.
చదునేగానీ సున్నా కాదు.
ఎక్కుతూనే ఉంటుంది, ఎవరికీ కనపడకుండా.

ఈ కొలువులో నాకిది ఇరవై రెండో ఏడు.
మొదటి వారం నేర్చుకున్నంత
ఆ తర్వాత ఏ ఏడాదీ నేర్చుకోలేదు.
అయినా మొన్న, ఇనుప తాడు మూలుగు విని
వాన వస్తుందని చెప్పగలిగాను.

తర్వాతి లెక్క: లాగ్ ఏడు ఎక్స్.
ఏడు బై ఎక్స్ అని రాశాను, ధైర్యంగా.
తప్పు.
పక్క బల్ల మీద రేవు కూలీ ఎలెయుతేరియోదీ
అదే తప్పు, నాకన్నా పెద్ద అక్షరాలతో.

లోపలి దాన్ని విడిగా అవకలనం చేసి పైన పెట్టాలట,
లోపలి దాన్నే ఉన్నదున్నట్టు హారంలో వెయ్యాలట.
పైన ఏడు. కింద ఏడు ఎక్స్.
ఏడూ ఏడూ కొట్టుకుపోయి
మళ్ళీ అదే ఒకటి బై ఎక్స్.

"ఏడు ఎక్కడికి పోయింది?"
చిల్లర తగ్గితే అడిగే గొంతుతోనే అడిగాను.

ఆయన కిటికీ వైపు చూపించాడు.
కొండ మీద కొండ, దీపాల మీద దీపాలు.
"ఏడు గీతని పైకెత్తింది.
వాలుని ముట్టుకోలేదు."

బడి వదిలేసరికి లిఫ్టు కట్టేశారు.
మెట్లెక్కుతున్నాను.
పై వీధి మేడల వాళ్ళ మెట్లూ ఇంతే నిలువు,
ఈ సంగతి నా మోకాళ్ళకి ముందే తెలుసు.

ఇంటి లెక్క: లాగ్ కొసైన్ ఎక్స్.
తొంభయ్యో మెట్టు మీద ఆగి
వీధిదీపం కింద, చిరిగిన టికెట్టు వెనక
సైన్ పైన, కొసైన్ కింద రాసుకున్నాను.

మైనస్ గుర్తు వదిలేశానని
తలుపు తాళం తీస్తుంటే గుర్తొచ్చింది.