అయిదో దుప్పటి

మసేరు ఆఫీసులో, హీటర్ చెడిపోయిన జూలై చలిలో
సర్వే లెక్కలు సరిచూస్తున్నాను.
ఇల్లు నాలుగొందల పదిహేడు, మొఖోట్లాంగ్ కొండలు.
పేర్లు నాలుగు.
చలికి ముందు కొన్న దుప్పట్లు అయిదు.

తప్పు పడిందేమోనని లినెయోకి ఫోన్ చేశాను.
ఆ ఇంటికి గుర్రమ్మీద వెళ్లింది తనే.
"తప్పు కాదు. లెబజ్వా అని, గొర్రెలు కాసే పిల్లాడు.
పన్నెండేళ్లుంటాయట. పైన మంచులో, రాతి గుడిసెలో ఉంటాడు.
ఈ కప్పు కింద ఎన్ని రాత్రులు పడుకున్నాడని ట్యాబ్ అడిగింది.
మూడు, అన్నారు.
పేరు దానంతటదే చెరిగిపోయింది."

కన్నతల్లి ఇల్లు వెతికి పట్టుకున్నాను.
అక్కడా లేడు.
ఏడాదికొక ఆవు జీతం, తిండి వాళ్లదే అని చెప్పిందట.

మొక్కజొన్న పిండిని నాలుగుతో భాగిస్తే
ఆ ఇల్లు పేదరిక రేఖకి వెంట్రుకవాసి పైన.
అయిదుతో భాగించాను.
రేఖ వాళ్ల కప్పు దాటి పైకి పోయింది.

ఇప్పుడిక దుప్పట్ల వరుసొకటే చదువుతున్నాను, జిల్లా తర్వాత జిల్లా.
మనుషులకంటే దుప్పట్లెక్కువైన ఇళ్లు
ఇప్పటికి మూడు వందల పదకొండు.

వాడెలా ఉంటాడని లినెయోని మళ్లీ అడిగాను.
చూళ్లేదంది.
తిరుగుదారిలో ఎక్కణ్ణుంచో ఈల వినబడితే
గుర్రం చెవులు రిక్కించిందట, అంతే.