ముఖం లేనిదాని తరఫున

పోస్టరు గీసే కుర్రాడు మొదట అడిగింది కళ్ల గురించే.
"కళ్లుంటే చాలండీ, మిగతాది నేను చూసుకుంటా."
లేవన్నాను.
"చెవులు? బొచ్చు? పోనీ, పిల్లని వీపున మోస్తుందా?"
మోయదు.
గుడ్డు పెట్టి తన దారిన పోతుంది.
తేనెరంగు గుడ్డు, నా చిటికెనవేలంత,
లోపల ఒక్కటే పిల్ల,
ఏడాది దాటితే గానీ బయటికి రాదు.
కుర్రాడు పెన్సిలు చెవిమీద దోపుకుని
టీ పెట్టుకోవడానికి లేచాడు.

ఇది గిప్స్‌ల్యాండ్, ఆస్ట్రేలియాకి దక్షిణపు చెంగు.
పచ్చటి గుట్టలు, పాడి ఆవులు, గుమ్మంలో బురద బూట్లు.
పక్కవాళ్లకి పెంగ్విన్లున్నాయి,
పొద్దుగూకి అవి గట్టెక్కే వేళకి బస్సులు బారులు తీరతాయి.
ఆ పై ఊరికి కోవాలాలు,
నిద్రపోతూ కూడా చందాలు వసూలు చేస్తాయి.
మాకు వానపాము.
పేరులో వాన ఉంది, పాము ఉంది,
వానకి దక్కే ఎదురుచూపు లేదు, పాముకి దక్కే భయమూ లేదు.
నిలువెత్తు మనిషి అంత సాగుతుంది ఒక్కోటి.
వాగు ఒడ్డున నీలి బంకమన్నులో
పుట్టిన బొరియని వదలకుండానే
ఒక బతుకంతా బతికేస్తుంది.
దానికోసం రోడ్డు వంచమని అడగాలి నేను,
పాలధర పడిపోయిన ఏడాదిలో.

హాల్లో ముప్పైనాలుగు కుర్చీలు వేశాం. పంతొమ్మిది నిండాయి.
మన్ను బాగుంటేనే మేత బాగుంటుంది, అన్నాను.
ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, అన్నాను.
"ఇక్కడ మాత్రం ఎవరికి కనబడిందీ?"
మావిస్ ట్రెథోవన్, అల్లిక మీంచి తలెత్తకుండానే.
నవ్వారు. నేనూ నవ్వాను.
నవ్వనిది డెస్మండ్ కీల్టీ ఒక్కడే,
ఎనభై దాటినవాడు, ఒళ్లో టోపీ,
మూడు తరాలుగా ఆ వాలు వాళ్లదే.

"తొమ్మిదేళ్లు నాకు. నాన్న నాగలి వెనక నడుస్తున్నాను.
కర్రుకి ఏదో తెగింది, వేరనుకున్నా.
రెండు ముక్కలైతే రెండు పురుగులవుతాయని మా అక్క చెప్పింది.
బకెట్లో మట్టి పోసి రెంటినీ పాకలో దాచాను,
నీళ్లు చల్లుతూ.
మూడో రోజుకి వాసన.
ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడక్కూడా."

టీ కెటిల్ ఉడికి ఉడికి తనంతట తనే ఆగింది.

బయట వాన అప్పుడే వెలిసింది.
ముందెవరు లేచారో గుర్తులేదు.
టార్చిలైట్లు పట్టుకుని, కంచె దాటి,
తడిగడ్డిలో కీల్టీ వెనకే వెళ్లాం.
"ఇక్కడ. కాలు గట్టిగా వెయ్యండి, ఒక్కసారే."
వేశాం.
పాదాల కింద, బాగా లోతున,
తొట్టి బిరడా లాగేసినట్టు
గుడగుడ,
ఎవరో కంగారుగా తప్పుకుపోతున్న చప్పుడు,
మమ్మల్ని చూసి. చూసి కాదు,
మా బరువుని విని.

"అయ్యో," అంది మావిస్,
"చిన్నప్పట్నుంచీ నేను గుట్టకి ఆకలేస్తోందనుకున్నాను."

తిరుగుదారిలో ఎవరూ మాట్లాడలేదు.
వంద కిలోల రైతులు
మునివేళ్ల మీద నడిచారు,
బిడ్డ పడుకున్న గదిలోంచి వస్తున్నట్టు.

రోడ్డు వంగిందని చెప్పాలనే ఉంది.
నలభై మీటర్లు అడిగాం, పదకొండు వంగింది.
సంతకాలు పెట్టినవాళ్లలో ఇద్దరు తర్వాత కొట్టేయించుకున్నారు.
వాళ్లని తప్పుపట్టను, బ్యాంకు ఉత్తరాలు నాకూ వస్తాయి.

కుర్రాడు చివరికి ఒక జత బూట్లు గీశాడు, ఖాళీవి.
వాటికింద నాలుగు గడ్డిపోచలు.
ఆ కిందంతా నలుపు.
"బొమ్మ వెయ్యడం మర్చిపోయారా?" అని
పోస్టాఫీసులో ఇప్పటికీ అడుగుతారు.
మావిస్ అడగదు.
వరసలో తనవంతు వచ్చేదాకా దానిముందు నిలబడి
మడమతో నేలని ఒకసారి తడుతుంది,
తల కాస్త వంచి ఆగుతుంది.
అది సిమెంటు నేలని ఆమెకీ తెలుసు.