రికార్డులో లేనిది

డ్రై ఫోర్క్ హైస్కూల్ జిమ్‌లో విచారణ.
బాస్కెట్‌బాల్ గీతల మీద మడత కుర్చీలు,
గోల్ కింద కమిషనర్లు ముగ్గురు,
షయాన్ నుంచి మంచులో నాలుగు గంటలు కారులో వచ్చినవాళ్ళు.
మూలన నేను, నా చిన్న యంత్రం, ఇరవై రెండు మీటలు.
ఎవరేమన్నా కొట్టడం నా పని.
నమ్మడం కాదు.

కంపెనీ వకీలు ప్రెంటిస్ గేజ్ లేచాడు.
పాత ప్లాంటు బొగ్గు కరెంటు యూనిట్‌కి నాలుగున్నర సెంట్లు,
కొండమీది గాలిది రెండూ చిల్లర.
అయినా ప్లాంటు మూయొద్దంటోంది చట్టం.
ముందు కొనేవాడి కోసం వెతకాలట,
వెతికిన ఖర్చు బిల్లులో కలపాలట.
"ఎవరి బిల్లులో?" వెనక వరసలోంచి ఒకావిడ.
పేరు చెప్పలేదు కనక
"ఒక గొంతు" అని కొట్టాను.

శాసనసభ్యుడు హార్లన్ విటేకర్:
"గాలిని నమ్ముకోలేం, ఎప్పుడొస్తుందో ఎవడికి తెలుసు?"
పది నిమిషాలయ్యాక ఆయనే:
"గాలి మీద పన్ను రెట్టింపు చేద్దాం, ఖాయమైన రాబడి."
రెండూ ఒకే పేజీలో పడ్డాయి.
నేను చేసిందేం లేదు.

అప్పుడే తలుపు కొట్టుకోవడం మొదలుపెట్టింది.
వ్యోమింగ్ గాలి అడిగి రాదు.
లెక్కల కాగితాలు లేచి
స్కోరుబోర్డు దాకా వెళ్ళొచ్చాయి.
"ఆ తలుపు సంగతి ఎవరైనా చూడండి" అన్నారు అధ్యక్షురాలు.
కాపలా కుర్రాడు అటూ ఇటూ చూసి
ట్రోఫీల అల్మారాలోంచి బొగ్గు పెళ్ళ తెచ్చాడు,
గనిలోంచి వచ్చిన మొదటి బండిలోది, బడికి కానుక.
దాన్ని తలుపు కింద ఒత్తిపెట్టాడు.
గాలిని బయట నిలబెట్టి
గాలి ఖరీదు మాట్లాడుకున్నాం.
నవ్వితే "నవ్వులు" అని కొట్టేదాన్ని.
ఎవరూ నవ్వలేదు.

మార్లిస్ కైపర్, గొర్రెల మంద, పొలంలో పదకొండు గాలిమరలు:
"మా తాత ఈ గాలిని తిట్టని రోజు లేదు.
టోపీలు పట్టుకెళ్ళింది, పాక కప్పు పట్టుకెళ్ళింది,
ఒక చలికాలం మా నాయనమ్మ మతి పట్టుకెళ్ళింది.
ఇప్పుడు అద్దె కడుతోంది. పుచ్చుకుంటున్నాను.
రెక్కల నీడ పొద్దున్నే నా వంటగదిలో తిరుగుతుంది,
అది కూడా రాసుకోండి."
రాసుకున్నాను.

తర్వాత డెల్బర్ట్ యోస్ట్.
గనిలో, డ్రాగ్‌లైన్ మీద, ముప్ఫై ఒక్క ఏళ్ళు.
ప్రమాణానికి చెయ్యెత్తితే
వేళ్ళ గీతల్లో నలుపు కనిపించింది.
కాగితం తెచ్చుకున్నాడు, చదవలేదు.
"ఈ నేలచెక్క బొగ్గు డబ్బు. ఆ పియానో బొగ్గు డబ్బు.
నా మోకాలు కూడా, ఈ కొత్తది.
గాలి చవకే. నాకూ లెక్కలొచ్చు.
ఆ మరలు చూసుకోడానికి ఎంతమంది?"
"తొమ్మిది మంది" అన్నాడు గేజ్.
"మా షిఫ్టులో, అన్నం డబ్బాలు విప్పే బల్ల దగ్గరే
అంతకంటే ఎక్కువ మందిమి.
మిగిలిన మమ్మల్ని
ఏ గాలికి వదిలేశారు?"

అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసి
"ఇది విచారణ పరిధిలోకి రాదు, కొట్టేయండి" అన్నారు.
కొట్టేయమన్నా నేను కొట్టాల్సిందే.
కొట్టేయమన్నారని కూడా కొట్టాలి.
నియమం అది.

ఆపైన అతను మాట్లాడలేదు. కూర్చోనూ లేదు.
నలభై సెకన్లు, గోడ మీద ఆటల గడియారం చూశాను.
నా ఇరవై రెండు మీటల్లో
దానికి మీట లేదు.

భోజన విరామంలో ఆ పెళ్ళ నేనే లాగాను.
అరచేతి నిండా మసి.
మా నాన్న ప్యాంటుకి తుడుచుకునేవాడు,
నేనూ తుడుచుకున్నాను, మంచి స్కర్టని కూడా చూడకుండా.
తలుపు చేతిలోంచి ఎగిరిపోయింది.

తీర్పు ఏప్రిల్‌కి వాయిదా.
బిల్లుకి వాయిదా లేదు, మంగళవారం వచ్చింది,
పోయిన నెల కంటే పద్నాలుగు డాలర్లు ఎక్కువ.
బొగ్గు ఎంతో గాలి ఎంతో విడిగా వేయలేదు.
దాన్ని పక్కన పెట్టుకుని, దీపం కింద
విచారణ నకలు సరిచూస్తున్నాను.
నూట పన్నెండో పేజీలో అతని ప్రశ్నకీ
"కృతజ్ఞతలు, కూర్చోండి"కీ మధ్య
ఒక వరస ఖాళీ వదిలాను.
షయాన్‌లో గుమస్తా
అచ్చుతప్పనుకుంటాడు.
అనుకోనీ.